అణు బెదిరింపు ఎవరి నోట వచ్చినా అధర్మమే

హిరోషిమాపై అమెరికా అణుబాంబు వేసి 2025 ఆగస్టు 6వ తేదీకి 80 ఏళ్లు నిండాయి. దాదాపు 15 కిలోటన్నుల శక్తి గల ఆ ఒక్క బాంబు వల్ల 1945 సంవత్సరాంతానికి సుమారు 1,40,000 మంది చనిపోయారు. మూడు రోజుల తర్వాత నాగసాకి వంతు వచ్చింది. నాటి నుంచి నేటి దాకా అణ్వాయుధాన్ని మళ్లీ ఎవరూ యుద్ధంలో ప్రయోగించలేదని మనకు మనం ధైర్యం చెప్పుకుంటాం. అయితే ప్రయోగించకపోయినా చూపించి బెదిరించడం మాత్రం ఒక్క ఏడాది కూడా ఆగలేదు. 2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాలపై తన దేశం జరిపిన దాడిని సమర్థించుకుంటూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హిరోషిమా, నాగసాకిలనే ఉదాహరణగా తెచ్చాడు. యుద్ధాన్ని ముగించిన ఘనకార్యంగా ఆ మారణకాండను పేర్కొన్నాడు. ఆగస్టు 1న రష్యా నాయకుడు మెద్వెదేవ్ మాటలకు బదులుగా రెండు అణు జలాంతర్గాములను కదిలించమని ఆదేశించానని ప్రకటించాడు. లక్షలాది ప్రాణాల మీద ఇద్దరు నాయకులు మాటకు మాట పందెం కాసుకుంటుంటే ప్రపంచం దాన్ని వార్తగా చదివి పేజీ తిప్పేసింది.

మన ఉపఖండం ఇందుకు మినహాయింపు కాదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మంది అమాయకులను కాల్చి చంపారు. వారిలో మన ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. యాత్రికులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న కాశ్మీరీ ముస్లిం గుర్రపు స్వారీ కార్మికుడూ ఉన్నాడు. ఆ రక్తం ఆరకముందే పాకిస్తాన్ రైల్వే మంత్రి హనీఫ్ అబ్బాసీ తమ ఘోరీ, షాహీన్, ఘజ్నవీ క్షిపణులు, 130 అణ్వాయుధాలు కేవలం భారతదేశం కోసమే దాచి ఉంచామని బహిరంగంగా చెప్పాడు. మే 7 నుంచి 10వ తేదీ సాయంత్రం దాకా నాలుగు రోజులు క్షిపణులు, డ్రోన్లు, ఫిరంగులు మాట్లాడాయి. శ్రీసత్యసాయి జిల్లాలోని ఒక గిరిజన తండా నుంచి వెళ్లిన యువ సైనికుడు సరిహద్దులో అసువులు బాశాడు. పూంఛ్‌లో ఇళ్ల మీద ఫిరంగి గుళ్లు పడి పసిపిల్లలు చనిపోయారు.

ఆ పూంఛ్‌లోనే పాకిస్తాన్ గుండుకు బలైన ఒక మదర్సా ఉపాధ్యాయుణ్ని మన దేశపు కొన్ని టీవీ ఛానళ్లు ఉగ్రవాదిగా చూపించాయి. గడ్డం, టోపీ ఉన్న ఫోటో వారికి సరిపోయింది. చివరకు అక్కడి పోలీసులే ముందుకొచ్చి అది అబద్ధమని ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. శత్రువు గుండు ఆయన ప్రాణం తీసింది, స్వదేశపు తెర ఆయన పరువు తీసింది. అదే వారంలో హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద కొందరు కర్రలతో పడ్డారు. దేశ విభజనలో సర్వం పోగొట్టుకుని వచ్చిన ఒక సింధీ హిందూ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టుకున్న దుకాణం అది. విడిచి వచ్చిన ఊరి పేరు బోర్డు మీద రాసుకోవడమే వారి నేరమైంది. యుద్ధోన్మాదానికి చరిత్ర చదివే తీరిక ఉండదు.

యుద్ధం మాట వినబడిన ప్రతిసారీ మన ఇళ్లలో ఏం జరుగుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలకు ఫోన్లో ఏమీ పెట్టవద్దని పెద్దలు హెచ్చరిస్తారు. టీ బంకు దగ్గర చర్చ మొదలైతే లేచి వచ్చేయమంటారు. మరికొందరు అందరికంటే గట్టిగా నినాదం చేస్తే తప్ప తమను నమ్మరేమోనన్న బెంగతో గొంతు పెంచుతారు. ఇంకొందరు 1948లో నౌషేరా సింహంగా పేరొందిన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965లో పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్‌ల పేర్లు వల్లె వేస్తారు. ఆ మహావీరుల పట్ల నాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు. అయితే వారు తమ కర్తవ్యం నిర్వహించారే గానీ, మన తరఫున దేశభక్తి రుజువు పత్రాలు సంతకం చేయడానికి ప్రాణాలివ్వలేదు. ఏ పొరుగువాణ్నీ అడగని రుజువు మనల్ని అడిగే హక్కు ఎవరికీ లేదు. కనుక ఆ జాబితా అప్పజెప్పాల్సిన అగత్యమూ మనకు లేదు. ఈ దేశ పౌరులుగా ఈ దేశ యుద్ధనీతిని ప్రశ్నించే అధికారం రాజ్యాంగం అందరికీ ఇచ్చినట్లే మనకూ ఇచ్చింది.

డాక్టర్ అబ్దుల్ కలాం విషయంలోనూ ఒక మాట. ఆయనను మంచి ముస్లింకు నమూనాగా చూపేవారు ఆయన క్షిపణులనే తలుస్తారు. హైదరాబాద్‌లో పనిచేస్తున్న కాలంలో క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థంతోనే పోలియో పిల్లలకు కాలిపర్లు చేయించిన సంగతి వారికి గుర్తుండదు. మూడు కిలోల బరువును ఈడ్చుకు నడిచే బిడ్డలు 300 గ్రాముల కాలిపర్లు తొడుక్కుని నిమ్స్ ఆసుపత్రిలో పరుగులు తీయడం చూసి పొందిన ఆనందాన్ని ఆయనే పలుసార్లు చెప్పుకున్నాడు. మన మదర్సాల గోడల మీద కలాం బొమ్మ పెట్టదలిస్తే పక్కన రాకెట్‌ను గీయించకండి, ఆ కాలిపర్లను గీయించండి.

ఇదంతా ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల వ్యవహారం, కొల్లూరు లంకల్లో అరటి, కంద పండించుకునేవారికి దీనితో పనేమిటని అడిగేవారుంటారు. (కోహినూరు దొరికిందని చెప్పే వజ్రాల కొల్లూరు ఇది కాదు. అది ఎగువన పల్నాటి వైపు, పులిచింతల నీళ్లకింద పోయింది. చేతులు మారిన ప్రతిసారీ సైనిక బలంతోనే మారిన ఆ రాయికథ మరోసారి.) బాపట్ల జిల్లా మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. 2020 చివరలో ఆకాశ్ క్షిపణులను వరసగా ప్రయోగించి చూసింది అక్కడే. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే యుద్ధ విమానాలు దిగే రన్‌వేగా మలిచి 2022 డిసెంబరులో పరీక్షించారు. కృష్ణ అవతలి ఒడ్డున నాగాయలంక మండలం గుల్లలమోద క్షిపణి ప్రయోగ కేంద్రానికి ఎంపికైంది. బ్రహ్మోస్ కూర్పు హైదరాబాద్‌లో జరుగుతుంది. అణు క్షిపణులు మోసే జలాంతర్గామి అరిహంత్ 2009లో జలప్రవేశం చేసింది విశాఖలోనే, రెండోదైన అరిఘాత్ 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరింది కూడా విశాఖలోనే. దేశపు అణు బలగంలో తెలుగు తీరం ఇంతగా భాగమైన తర్వాత యుద్ధం వస్తే శత్రువు గురి ఎక్కడెక్కడ ఉంటుందో ఊహించుకోవడానికి సైనిక పరిజ్ఞానం అక్కర్లేదు. ఈ తీరంలో వల వేసే జాలరికైనా, లంకలో మోళ్లు నాటే కూలీకైనా ఆ నిర్ణయాల గురించి ఒక్క మాట అడిగినవారు లేరు.

కొల్లూరుకు పొరుగు మండలమే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బుద్ధుని ధాతువులున్న భరిణెలు, వాటి మీద ప్రాచీన శాసనాలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్ల క్రితం ఈ నల్లరేగడి మీద అహింస బోధించినవారి అవశేషాలను మన ఊళ్ల పూర్వికులు అంత భక్తితో దాచారు. 1974లో పోఖ్రాన్ ఎడారిలో మొదటి అణుపరీక్ష జరిపినవారు దానికి నవ్వే బుద్ధుడు అని పేరు పెట్టుకున్నారు. 1998 మే 11న రెండోసారి పరీక్షించిన రోజు బుద్ధ పూర్ణిమ. బుద్ధుడు దేనికి నవ్వాడో భట్టిప్రోలు దిబ్బను అడగాలి.

ఎదుటివారి అపచారాన్ని ఎత్తి చూపి ఊరుకుంటే అది న్యాయం కాదు. సరిహద్దుకు అవతల ఇంతకంటే ఘోరంగా మన ధర్మం పేరే బాంబుకు తగిలించారు. గడ్డి తినైనా బాంబు చేస్తామని భుట్టో 1965లోనే ప్రకటించాడు. 1998 మే 28న చాగయ్ కొండల్లో పరీక్ష జరిగినప్పుడు వీధుల్లో మిఠాయిలు పంచుకుని, ఇస్లామీ బాంబు వచ్చిందని సంబరపడ్డారు. ఇస్లాంలో ఆ బాంబుకు చోటెక్కడుంది? అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన అల్లాహ్‌కే తప్ప మరెవరికీ లేదని దైవప్రవక్త (స) నిషేధించారు. బుఖారీలో నమోదైన ఆ హదీసు తెలిసినవాడు అణుబాంబు గురించి మళ్లీ ఫత్వా అడగడు, ఎందుకంటే అది ఊరంతటినీ ఒకేసారి నిప్పుతో శిక్షించడానికి తయారైన వస్తువు. సిరియాకు సైన్యాన్ని పంపుతూ తొలి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇచ్చిన ఆదేశాలు ప్రతి మదర్సా విద్యార్థికీ కంఠస్థమే. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దు. ఫలవృక్షాలు నరకవద్దు. జనావాసాలను పాడుచేయవద్దు. మఠాల్లో ఏకాంతంగా ఉండేవారి జోలికి పోవద్దు. ఈ ఆదేశాల్లో ఒక్కదాన్నైనా పాటించే అణుబాంబును ఏ దేశమూ ఇంతవరకు తయారుచేయలేదు, తయారుచేయలేదు కూడా.

ప్రయోగిస్తేనే కదా పాపం, ఊరికే బెదిరిస్తే తప్పేమిటి అంటారు. తోబుట్టువు వైపైనా సరే ఆయుధం ఎత్తి చూపినవాణ్ని దైవదూతలు శపిస్తారని మరో హదీసు చెబుతున్నది. అక్కడ గాయం జరగలేదు, ఎత్తి చూపడమే నేరమైంది. ఒక మనిషి మీద ఇనుప ముక్క ఎత్తితేనే అంత మాట వస్తే, ఒక జాతి మొత్తం మీద అణ్వస్త్రం ఎత్తి చూపేవారి సంగతేమిటి? ఈ ప్రశ్న రావల్పిండికీ వర్తిస్తుంది, టెల్ అవీవ్‌కూ వాషింగ్టన్‌కూ వర్తిస్తుంది, న్యూఢిల్లీకీ వర్తిస్తుంది. క్షిపణులకు ఘజ్నవీ, ఘోరీ అని పేర్లు పెట్టి మురిసేవారికి ఒక చిన్న జ్ఞాపకం: మహమూద్ ఘజ్నవీ సేనలు 1006లో దాడిచేసిన ముల్తాన్‌ను అప్పుడు ఏలుతున్నవాడు ముస్లిమే.

పెద్ద మాటలు మాట్లాడేదొకరు, వాటి వెల చెల్లించేది మరొకరు అన్న సంగతి తెలుగు ముస్లింలకు చరిత్రే నేర్పింది. 1948లో ఖాసిం రజ్వీ హైదరాబాదులో కూర్చుని ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తానని ప్రగల్భాలు పలికాడు. చేతిలో పాత తుపాకులు తప్ప లేవు, నోట్లో మాత్రం సామ్రాజ్యాలున్నాయి. అతని రజాకార్లు గ్రామాల్లో హిందువుల మీద, రైతాంగం మీద సాగించిన దౌర్జన్యాలను మనం దాచవలసిన పనిలేదు, దాచకూడదు కూడా. ఆ ఏడాది సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. ఐదు రోజుల యుద్ధమే. దానికి పోలీసు చర్య అని ముద్దుపేరు. అసలు మారణకాండ ఆ ఐదు రోజుల తర్వాత మొదలైంది.

నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల బృందం సంస్థానంలో తిరిగి చూసింది. 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయాయని రాసింది. సైన్యంలో చాలామంది క్రమశిక్షణతో వ్యవహరించారని మెచ్చుకుంటూనే, కొన్నిచోట్ల సైనికులే లూటీలకు పురికొల్పారనీ, చంపడంలో పాల్గొన్నారనీ నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి అల్మారాలో ఉండిపోయింది, 2013లో గానీ జనం చూడలేకపోయారు. రజ్వీ ఏమయ్యాడు? జైలు శిక్ష ముగించుకుని 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అతని ఉపన్యాసం ఒక్కటైనా వినని బీదర్ పల్లెటూరి నేతగాడు, నాందేడ్ జిల్లా దూదేకులవాడు బావుల్లో శవాలై తేలారు.

ఇప్పుడు హనీఫ్ అబ్బాసీ మాటలు వింటే నాకు రజ్వీయే గుర్తుకొస్తాడు. ఇటువైపు, 2019 ఎన్నికల ప్రచారంలో బాడ్మేరు సభలో ప్రధాని మోదీ మన అణ్వాయుధాలు దీపావళికి దాచుకున్నవా అని అడిగి చప్పట్లు కొట్టించుకున్నప్పుడూ నాకు అదే భయం కలిగింది. వేదిక మీద చప్పట్లు నాయకుడికి, సరిహద్దు గ్రామంలో గుండు పేదవాడికి, ఆ తర్వాత వీధిలో అనుమానపు చూపులు మనకు.

భయపెట్టి ఆపడం అన్న సిద్ధాంతాన్ని మేధావులు బలంగానే సమర్థిస్తారు. ఇద్దరి దగ్గరా బాంబు ఉంటే యుద్ధం రాదంటారు. ఇద్దరూ పరీక్షలు జరిపిన ఏడాదికే 1999లో కార్గిల్ వచ్చింది. మన సైనికులు 527 మంది అమరులయ్యారు. 2016, 2019, 2025, ప్రతిసారీ మెట్టు మీద మెట్టు ఎక్కామే తప్ప ఒక్క మెట్టూ దిగలేదు. బుద్ధిపూర్వకంగా చేసే పని ఒక ఎత్తు, పొరపాటున జరిగేది మరో ఎత్తు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున పేలి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. దైవకృపతో ఎవరూ చనిపోలేదు, ముగ్గురు అధికారులను ఉద్యోగాల్లోంచి తీసేశారు. అదే పొరపాటు 2025 మే 9 రాత్రి జరిగి ఉంటే? స్టాక్‌హోం సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2025 జనవరికి భారత్ దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170 అణ్వాయుధాలు ఉండేవి. వాటితో యుద్ధం జరిగితే తక్షణం 5 కోట్ల నుంచి 12.5 కోట్ల మంది చనిపోవచ్చని, పొగ ఆకాశాన్ని కమ్మి వానలు తగ్గి పంటలు దెబ్బతింటాయని 2019లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. వాన మీద బతికే కృష్ణా డెల్టా రైతుకు ఆ లెక్క అర్థం కావడానికి ఇంగ్లీషు రావలసిన పనిలేదు.

అలాగని పహల్గామ్ హంతకులను వదిలేయమని నేను అనడం లేదు. నిరపరాధిని చంపడమంటే మానవజాతినే చంపడమని బోధించే గ్రంథాన్ని నమ్మేవారికి ఆ హంతకుల పట్ల సానుభూతి ఉండే ప్రసక్తే లేదు. వారిని, వారిని పోషించినవారిని పట్టి శిక్షించే హక్కు దేశానికుంది, బాధ్యత కూడా ఉంది. ఆత్మరక్షణ కోసం ఆయుధం పట్టడాన్ని ఇస్లాం నిషేధించలేదు, హద్దులు గీసింది. అణు బ్లాక్‌మెయిల్‌ను సహించబోమని మే 12న ప్రధాని అన్న మాటను కూడా దానంతట దాన్నే తీసుకుంటే తప్పు పట్టలేం. ఎదుటివాడి బెదిరింపు ఉత్తదేనన్న నమ్మకం మీద మన తర్వాతి అడుగు వేయడమే ప్రమాదం. అవతల నిర్ణయం తీసుకునేది నలుగురు జనరల్స్. లాహోరులో కూరగాయలమ్ముకునే అవ్వకు అందులో ఓటు లేదు.

అంతర్జాతీయ న్యాయస్థానం 1996 జులై 8న ఇచ్చిన సలహా అభిప్రాయంలో అణ్వాయుధాల ప్రయోగంతోపాటు వాటితో బెదిరించడం కూడా సాధారణంగా మానవీయ యుద్ధనియమాలకు విరుద్ధమేనంది. ఏడుగురు అటు, ఏడుగురు ఇటు అయినప్పుడు అధ్యక్షుడైన అల్జీరియా న్యాయమూర్తి ముహమ్మద్ బెద్జావీ ఓటుతో అది నెగ్గింది. దేశం మనుగడే ప్రమాదంలో పడితే ఏమిటన్నది మాత్రం తేల్చకుండా వదిలేసింది. ఆ సందు కూడా ఉండకూడదని విభేదించి రాసిన శ్రీలంక న్యాయమూర్తి వీరమంత్రి ఇస్లామీ యుద్ధనీతినీ, రామాయణ భారతాల్లోని యుద్ధధర్మాన్నీ పక్కపక్కనే సాక్ష్యంగా నిలిపాడు. 2021 జనవరి 22 నుంచి అణ్వాయుధ నిషేధ ఒప్పందం అమల్లో ఉంది. బంగ్లాదేశ్, మలేషియా, ఇండోనేషియా అందులో చేరాయి. భారత్, పాకిస్తాన్ చేరలేదు.

మన దేశం చేతిలో ఇప్పటికీ ఒక మంచి మాట ఉంది. అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమని 2003 జనవరి 4న మంత్రివర్గ భద్రతా సంఘం ప్రకటించింది. పాకిస్తాన్ అంత మాట కూడా ఇవ్వలేదు. 2019 ఆగస్టు 16న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పోఖ్రాన్‌లో నిలబడి భవిష్యత్తులో ఏం జరుగుతుందనేది పరిస్థితుల మీద ఆధారపడి ఉంటుందన్నారు. ఆ మాట నిలిచి ఉందా, సడలిందా అని పార్లమెంటులో గట్టిగా అడిగే గొంతు కావాలి. కేంద్ర ప్రభుత్వాన్ని నిలబెడుతున్నవారిలో ఆంధ్రప్రదేశ్ ఎంపీలు ఉన్నారు. బాపట్ల పార్లమెంటు సభ్యుడికి మన ఓట్లూ పడ్డాయి. వక్ఫ్ సవరణ చట్టం మీద ఊరూరా సభలు పెట్టిన మన సంఘాలు ఈ ఒక్క ప్రశ్న రాసిన వినతిపత్రానికి ఒక సాయంత్రం కేటాయించలేవా? దాని మీద ముస్లింలే సంతకాలు పెట్టాలని లేదు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల్లోని చర్చి పాస్టర్లు, రైతు సంఘాలవారు, సూర్యలంక జాలర్లు అడిగితే కాదంటారని నేను అనుకోను.

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చి పోతార్లంక వంటి లంక గ్రామాలను ముంచింది. అదే వారం విజయవాడలో బుడమేరు నీళ్లలో చిక్కుకున్నవారికి సైనిక హెలికాప్టర్ల నుంచి అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు జారవిడిచారు. మిద్దెల మీద నిలబడి చేతులు చాచినవారిలో ఎవరిది ఏ మతమో పైనున్న జవాను అడగలేదు. వినతిపత్రంలో ఆ సంగతి కూడా రాయండి. పక్కనే మరో కోరిక చేర్చండి: ఏటా జనవరి 1న భారత్, పాకిస్తాన్‌లు తమ అణు కేంద్రాల జాబితాలు ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. పరస్పరం వాటిపై దాడి చేయబోమని 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం మేరకు, కార్గిల్ తర్వాత కూడా ఆ పని ఆగలేదు. వచ్చే జనవరి 1న ఆ జాబితాలతోపాటు, ఎన్నికల సభల్లోనూ టీవీ తెరల మీదా అణ్వాయుధాల పేరెత్తబోమన్న ఒక్క వాక్యాన్ని కూడా ఇచ్చిపుచ్చుకోమని రెండు ప్రభుత్వాలను అడుగుదాం.